ఇల్లు పీకి పందిరేసే వయసుకు నాలుగు గోడల మధ్య ఆటలు

సాయంత్రం పూట రెండేళ్ల పిల్లాడు సోఫా వీపు మీదికి ఎక్కుతాడు, అటువైపు జారతాడు, చేతికందిన రిమోట్ విసిరేస్తాడు, కుర్చీని గది ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చుకుపోతాడు, మళ్లీ వచ్చి సోఫా ఎక్కుతాడు. అంతా రెండు నిమిషాల్లో. చూసేవాళ్ల నోట మొదట వచ్చే మాట "వీడికి ఇంత ఓపిక ఎక్కడిది?" దాని వెనకే వచ్చేది "ఏదో ఒకటి ఆడించి అలిసిపోయేలా చేయాలి, లేకపోతే కుదురుగా ఉండడు." బయటికి తీసుకెళ్లే వీల్లేని రోజున ఈ రెండో మాట ఇంటిల్లిపాదికీ టెన్షన్ అయి కూర్చుంటుంది.

తిరకాసంతా ఆ రెండో మాటలోనే ఉంది. అలిసిపోవాలని ఆడించే ఆటలో ముందుగా అలిసేది పెద్దవాళ్లే. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పిల్లల్లో కనిపించే ఈ కదలికను ఎలాగోలా ఖర్చుపెట్టించి వదిలించుకోవాల్సిన మిగులుగా చూస్తే ఏ ఆటా నిలవదు. ఎక్కడం, దిగడం, మోయడం, విసరడం, దూకడం వాళ్లకు పని. ఒక్కోదాన్ని వందలసార్లు చేసి ఒంటికి పట్టించుకుంటారు. ఆ రోజు ఆ ఒళ్లు ఏ పనిలో ఉందో దానికి సరిపడే ఆట పెడితే అరగంట సాగుతుంది. సరిపడనిది ఎంత శ్రమపడి ఏర్పాటు చేసినా రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అలుపు లేదనిపించడానికి కారణం

నడక నేర్చుకునే పిల్లలు ఎంత తిరుగుతారో లెక్కపెట్టి చూసినవాళ్లున్నారు. న్యూయార్క్ యూనివర్సిటీలో కేరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలను వాళ్ల మానాన ఆడుకోనిచ్చి గమనించి, 2012లో ఆ వివరాలు ప్రచురించింది. సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. పడ్డవాళ్లు లేచి మళ్లీ నడక అందుకున్నారు. ఆ తర్వాతి పరిశీలనల్లో ఇంకో విశేషం తేలింది. ఈ నడకలో ఎక్కువ భాగం ఎక్కడికో చేరుకోవడానికి కాదు. బొమ్మలున్న గదిలో ఎంత తిరిగారో, ఏమీ లేని గదిలోనూ దాదాపు అంతే తిరిగారు. బొమ్మ కోసం వెళ్తున్నారని పెద్దవాళ్లు అనుకుంటారు గానీ, చాలాసార్లు నడవడమే వాళ్లకు ఆట.

మరి అలసట ఎందుకు కనబడదు? కాస్త పెద్ద పిల్లల మీద జరిగిన రెండు పరిశోధనలు దీనికి కొంత జవాబిస్తాయి. 6 నుంచి 10 ఏళ్ల పిల్లలను సెకన్ల లెక్కన గమనించిన 1995 నాటి అధ్యయనంలో, గట్టిగా ఒళ్లు శ్రమపడే ఒక్కో విడత సాధారణంగా 3 సెకన్లకు మించలేదు. పరుగెత్తడం, ఆగడం, మళ్లీ పరుగు. పదేళ్ల వయసు అబ్బాయిల ఒళ్లు శ్రమ నుంచి తేరుకునే తీరు, ఏళ్ల తరబడి సాధన చేసిన సుదూర పరుగు, సైక్లింగ్ లాంటి ఓర్పు ఆటల క్రీడాకారుల తీరుతో పోల్చదగ్గట్టు ఉందని ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో తేల్చారు. బుడతలు వీళ్లకంటే చాలా చిన్నవాళ్లే. కానీ ఇంట్లో కళ్లముందు కనిపించేది కూడా ఇదే తీరు: చిన్న చిన్న విడతలు, మధ్యలో ఇట్టే తేరుకోవడం. పెద్దవాళ్లు వ్యాయామం చేసినట్టు ఇరవై నిమిషాలు ఏకధాటిగా పరుగెత్తించి "ఇక పడుకుంటాడు" అనుకోవడం ఈ ఒంటి తీరు తెలియక పెట్టుకునే ఆశ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాలూ దీనికి తగ్గట్టే ఉన్నాయి. ఏడాది, రెండేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదలాలి. అది రోజంతా పరుచుకుని ఉండాలి. నెమ్మదిగా తిరిగినా, పరుగెత్తినా లెక్కలోకి వస్తుంది. మూడేళ్లు వచ్చాకే అందులో 60 నిమిషాలు కాస్త గట్టిగా ఒగర్చే ఆట ఉండాలంటుంది. కుర్చీలోనో, పిల్లల్ని తిప్పే తోపుడు బండిలోనో బెల్టు పెట్టి ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టవద్దని, ఏడాది పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండేళ్లవాళ్లకు అది రోజుకు గంట దాటవద్దని కూడా అదే పత్రంలో ఉంది. 180 అన్న అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. పది పదిహేను నిమిషాల ముక్కలుగా విడగొడితే ఇంట్లో మామూలుగా జరిగే పనుల్లోనే సగం తీరిపోతుంది.

మోత, తోపుడు

ఇంట్లో ఆడించే ఆటల్లో అన్నిటికంటే తక్కువ చూపు చూసేది, అన్నిటికంటే బాగా పనిచేసేది బరువు పని. తోయడం, లాగడం, మోయడం. గంతులు, పరుగులు కంటికి ఆటలా కనిపిస్తాయి కాబట్టి పెద్దవాళ్ల బుర్ర ముందు అటు పోతుంది. నిజానికి రెండేళ్ల పిల్ల తనకు మించిన బుట్టను తోసుకుంటూ వెళ్లేటప్పుడు పిక్కల దగ్గర్నుంచి భుజాల దాకా ఒళ్లంతా పనిలో ఉంటుంది.

బట్టల బుట్ట ఒక్కటి చాలు. ఖాళీ బుట్టను తోస్తే అది జర్రున ముందుకు పోతుంది, వెనక ఆనుకున్న పిల్ల బోర్లా పడుతుంది. అందుకే అడుగున నాలుగైదు లావుపాటి పుస్తకాలు వేయాలి. తోస్తే కదలాలి, కానీ సులువుగా కదలకూడదు. నున్నటి నేల అయితే బుట్ట కింద మడిచిన తువ్వాలు వేస్తే గీతలు పడవు, చప్పుడూ ఉండదు. పిల్ల కాళ్లకు మాత్రం సాక్సులు వద్దు, ఒట్టి కాళ్లయితేనే నేల పట్టు దొరుకుతుంది. మొదట చేతులతో తోస్తుంది. కదలకపోతే ఛాతీ ఆనిస్తుంది. ఇంకా కదలకపోతే వెనక్కి తిరిగి పిరుదులతో నెడుతుంది. ఈ మూడో ఉపాయం ఎవరూ నేర్పరు. అది చూసి పెద్దవాళ్లు వెళ్లి ఒక చేయి వేస్తే ఆట చెడుతుంది. బుట్ట ఎక్కడో ఇరుక్కుని, పిల్ల నిజంగా విసుగెత్తి చూసినప్పుడే సాయం.

తోయడానికి ఒక గమ్యం ఉంటే ఆట సాగుతుంది. ఈ గదిలో దిండ్లు ఎక్కించుకుని ఆ గదిలో దించి రావడం, మళ్లీ అక్కణ్నుంచి బొమ్మలు తేవడం. రెండేళ్లు దాటినవాళ్లకు "దిండు తీసుకెళ్లి మంచం మీద పెట్టు" లాంటి రెండు పనులున్న మాట అర్థమవుతుంది కాబట్టి మోతతో పాటు వినడమూ కలుస్తుంది. నీళ్లు నింపి మూత గట్టిగా బిగించిన చిన్న సీసాలు, పప్పుల డబ్బాలు, ఉతికిన దుప్పట్లు, ఏవైనా పనికొస్తాయి. ఇంటిపనిలో పిల్లల్ని కలుపుకోవడం అంటే చాలామందికి పని రెట్టింపవుతుందన్న భయం. అవుతుంది కూడా. కానీ వేరుగా ఆడించి, వేరుగా పని చేసుకునే సమయంతో పోలిస్తే అది లాభసాటి బేరమే.

బరువు పని చేశాక పిల్లలు నెమ్మదిస్తారన్న మాట ఆక్యుపేషనల్ థెరపిస్టుల నోట తరచూ వినబడుతుంది. కండరాల్లో, కీళ్లలో ఉండే గ్రాహకాలు ఒంటి భాగాలు ఎక్కడున్నాయో మెదడుకు చెబుతుంటాయని, గట్టిగా తోసినా మోసినా ఆ సమాచారం ఎక్కువగా అందుతుందని వాళ్ల వివరణ. ఈ ఆలోచనకు 1970లలో ఒక రూపం ఇచ్చినది అమెరికన్ థెరపిస్టు జీన్ ఏయర్స్. గ్రాహకాల సంగతి శరీరశాస్త్రం ఒప్పుకున్నదే. వాటివల్ల ప్రతి పిల్లా శాంతపడుతుందన్న దానికి మాత్రం ఆధారాలు ఇంకా పలచగానే ఉన్నాయి. కాబట్టి దీన్ని మందులా కాకుండా, చూసి తెలుసుకోవాల్సిన విషయంలా తీసుకోవడం మేలు. కొందరు బుట్ట తోసి తోసి నేల మీద చతికిలబడి పుస్తకం తీస్తారు. కొందరు బుట్టలోకి ఎక్కి ఇంకా రెచ్చిపోతారు.

తోసే ఆటకూ, లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్‌కూ సంబంధం లేదు. వాకర్‌లో కూర్చున్న పిల్లలు మెట్ల మీదినుంచి దొర్లిపడి తలకు దెబ్బలు తగిలించుకున్న ఘటనల వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నడక త్వరగా రావడానికి కూడా అది సాయపడదు.

ఎక్కేవాళ్లను ఆపలేం, దిగడం నేర్పగలం

ఎక్కే వయసు వచ్చిందంటే ఇంట్లో ప్రతిదీ కొండే. ఇక్కడ పెద్దవాళ్లు చేయగలిగింది ఎక్కడానికి తగిన చోటు చూపించడం. సోఫా దిండ్లు తీసి నేల మీద మెట్లలా పేర్చడం, పరుపును మంచం మీదినుంచి దించి గోడకు దూరంగా వేయడం, దాని కింద రెండు బొంతలు దూర్చి మధ్యలో గుట్టలా చేయడం. మెత్తటి, ఎగుడుదిగుడు నేల మీద నాలుగు అడుగులు వేయాలంటే పిల్లలకు నున్నటి నేల మీద నలభై అడుగులంత పని. ఒకే పరుపు, దాని కింది గుట్ట చోటు మారిస్తే చాలు, రేపు కొత్త ఆట.

తనంతట తాను ఎక్కలేని చోటికి ఎత్తి కూర్చోబెట్టకూడదు. స్వయంగా ఎక్కిన పిల్లకు ఎత్తు మీద కొంత అంచనా ఉంటుంది, ఎత్తి పెట్టిన పిల్లకు ఉండదు. ఈ అంచనా కూడా ఒకసారి వచ్చి నిలిచిపోయేది కాదు. అడాల్ఫ్ వాలు పలకల మీద చేసిన ప్రయోగాల్లో, పాకే రోజుల్లో నిటారు వాలు చూసి ఆగడం నేర్చుకున్న పిల్లలే, నడక మొదలైన కొత్తలో అదే వాలు మీద వెనకాముందూ చూడకుండా అడుగేశారు. పాకేటప్పుడు నేర్చుకున్నది నడకకు బదిలీ కాలేదు, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. "నిన్నటిదాకా జాగ్రత్తగానే దిగేది, ఇవాళ ఏమైంది" అని ఇళ్లలో వినబడే ఆశ్చర్యానికి చాలాసార్లు కారణం ఇదే.

దిగడం నేర్పడానికి ఒక్కటే సూత్రం: ముందు కాళ్లు. పిల్ల సోఫా అంచున ఉండగా నడుము పట్టి నెమ్మదిగా బోర్లా తిప్పాలి. పొట్ట అంచుకు ఆనుతుంది, కాళ్లు వెనక్కి వేలాడతాయి. అప్పుడు ఒక పాదాన్ని పట్టి నేలకు తాకించాలి. "కాళ్లు, కాళ్లు" అని ప్రతిసారీ అదే మాట అంటూ ఉంటే కొన్నాళ్లకు పిల్లే అంచు దగ్గర వెనక్కి తిరిగి "కాల్లు" అనుకుంటూ దిగుతుంది. తలుపు దగ్గరి చిన్న మెట్టు కూడా ఈ సాధనకు చాలు.

పుస్తకాల అరలు, సొరుగుల బీరువాలు, టీవీ స్టాండు మాత్రం ఆటలోకి రాకూడదు. సొరుగులు తెరిచి మెట్లలా ఎక్కితే బీరువా ముందుకు ఒరుగుతుంది. వాటిని గోడకు బిగించి ఉంచడం, కిటికీల దగ్గర ఎక్కడానికి వీలైనది ఏదీ పెట్టకపోవడం ఆట మొదలవడానికి ముందే అయిపోవాల్సిన పనులు.

విసిరేవాళ్లు, దూకేవాళ్లు

ఏడాది దాటిన పిల్ల చెంచాను ఒకసారి కింద పడేసి, తర్వాత గట్టిగా విసిరి, ఆ తర్వాత వేళ్లు సడలించి జారవిడిచి, ఒక్కోసారి ఏమవుతుందో చూస్తుంది. 12 నుంచి 18 నెలల మధ్య కనిపించే ఈ తీరును స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చిన్నపాటి ప్రయోగాలుగానే లెక్కగట్టాడు. "విసరొద్దు" అంటే ఆ ప్రయోగాన్ని ఆపమనడం, అది జరిగే పని కాదు. "ఇది వద్దు, అది విసురు" అంటే జరుగుతుంది. మడిచిన సాక్సుల ఉండలు, నలిపి టేపు చుట్టిన పాత కాగితాలు ఒక గిన్నె నిండా ఉంచి, నాలుగడుగుల దూరంలో బుట్ట పెడితే ఈ వయసుకు అదే బంతాట. గురి కుదరాలని చూడనక్కర్లేదు. విసిరినవన్నీ ఏరుకొచ్చి మళ్లీ గిన్నెలో వేయడంలోనే వంగడం, లేవడం, నడవడం ఉన్నాయి. పెద్దవాళ్లు కూర్చున్నచోటే ఏరి ఇస్తుంటే ఆ సగం ఆట పోతుంది.

బెలూన్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కొట్టడానికి, పట్టుకోవడానికి ఈ వయసుకు సరిగ్గా సరిపోతుందని చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే. కానీ పగిలిన బెలూన్ ముక్క, గాలి నింపని బెలూన్ పిల్లల గొంతుకు అడ్డుపడే వస్తువుల్లో చాలా ప్రమాదకరమైనవి. పలచటి రబ్బరు శ్వాసనాళానికి అతుక్కుపోతుంది, తీయడం కష్టం. పలచటి చున్నీ లాంటి గుడ్డను పైకి ఎగరేసినా అలాగే నెమ్మదిగా దిగుతుంది, దాన్ని తలతో, చేతులతో, మోచేతితో పట్టుకోవచ్చు. గాలి ఊదిన పెద్ద తేలికపాటి బంతి కూడా పరవాలేదు. బెలూన్ వదిలేస్తే పోయేదేమీ లేదు.

దూకడం ఇంకో సంగతి. రెండు పాదాలూ ఒకేసారి నేల వదలడం సాధారణంగా రెండేళ్లకూ రెండున్నరేళ్లకూ మధ్య వస్తుంది. అంతకుముందు వాళ్లు "దూకు" అంటే మోకాళ్లు వంచి లేస్తారు, మునివేళ్ల మీదికి లేచి దభీమని మడమలు ఆనిస్తారు. అదీ సాధనే కాబట్టి దూకినట్టే మెచ్చుకోవచ్చు. నేల మీద మాస్కింగ్ టేపుతో గీతలు వేసి గీత దాటించడం, గీత మీదే నడిపించడం, ఆ గీతను వంకర తిప్పి చూడటం, వీటికి టేపు చుట్ట ఒక్కటి ఖర్చు. దూకే ఎత్తు పిల్ల మోకాలు దాటకపోతే మంచిది, దిగే చోట పరుపు ఉండాలి. ఇంటికి కొనే ట్రాంపోలిన్ల (స్ప్రింగుల మీద గెంతే చట్రాల) విషయంలో మాత్రం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) ఏ వయసు పిల్లలకూ సుముఖంగా లేదు. ఒకరికి మించి ఒకేసారి ఎక్కినప్పుడే ఎక్కువ దెబ్బలు తగులుతాయి, బరువు తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ.

కింది అంతస్తులో ఎవరో ఉంటారు కదా అన్న మొహమాటం దూకే ఆటలకు పెద్ద బ్రేకు. ఆ ఇబ్బంది ఉన్నచోట దూకడాన్ని పగటిపూటకు, పరుపు మీదికి మార్చి, మిగతా వేళల్లో తోయడం, పాకడం, మోయడం పెట్టుకోవచ్చు. ఎలుగుబంటి నడక (చేతులు కాళ్లు నేల మీద, పిరుదులు పైకి) చప్పుడు లేకుండా ఒగర్పు తెప్పిస్తుంది. పెద్దవాళ్లు ఒక్క నిమిషం చేసి చూస్తే అది ఎంత పనో తెలుస్తుంది.

తిరగడం, ఊగడం

లోపలి చెవిలో అర్ధవలయాకారపు గొట్టాలు మూడుంటాయి. తల ఏ వైపు తిరిగినా వాటిలోని ద్రవం కదిలి మెదడుకు కబురు పంపుతుంది. గిరగిరా తిరిగి ఆగాక కూడా గది తిరుగుతున్నట్టు ఉండటానికి ఆ ద్రవం ఇంకా ఆగకపోవడమే కారణం. పిల్లలకు అది మహా సరదా. దుప్పటి మీద కూర్చోబెట్టి నేల మీద లాగడం ఇంట్లో చేయగలిగిన మంచి ఊయల. బయలుదేరేటప్పుడు నెమ్మదిగా లాగాలి, ఒక్కసారి గుంజితే పిల్ల వెనక్కి వాలి తల నేలకు కొట్టుకుంటుంది. రెండేళ్లలోపు వాళ్లను పడుకోబెట్టి లాగితే ఆ భయం ఉండదు. నవ్వు ఆగిపోయినా, ముఖం పాలిపోయినా ఆట ఆపాలి, "ఇంకా" అని అడుగుతున్నా సరే.

రెండు చేతులూ పట్టి గాల్లో గిరగిరా తిప్పడం మాత్రం వద్దు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే బంధనం ఇంకా వదులుగా ఉంటుంది. చేయి పట్టి గుంజితే ఆ ఎముక చోటు తప్పుతుంది. పిల్ల చేయి కదపకుండా ఒంటికి ఆనించుకుని ఏడుస్తుంటే అనుమానించాల్సింది ఇదే. డాక్టర్ క్షణాల్లో సరిచేస్తారు గానీ, ఒకసారి జారిన మోచేయి మళ్లీ జారవచ్చు. ఎత్తాలంటే చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. వీపు మీద ఉప్పుమూట అయితే తిప్పడం, ఊపడం రెండూ తీరతాయి.

ఆగమంటే ఆగే ఆట

పాట పెట్టి గంతులేయించి, పాట ఆగగానే బొమ్మలా నిలబడాలనే ఆట చాలా ఇళ్లలో మొదటి ప్రయత్నంలోనే బెడిసికొడుతుంది. పాట ఆగినా పిల్ల గెంతుతూనే ఉంటుంది. మాట వినక కాదు. చేస్తున్న పనిని మధ్యలో ఆపుకోవడం మెదడు ముందు భాగం చూసుకునే పని, అది ఈ వయసులో అప్పుడే మొదలవుతోంది, పూర్తిగా ఎదగడానికి ఇరవైల నడిమి వయసు దాకా పడుతుంది. రెండేళ్లలోపు పిల్లకు పాట ఆగినప్పుడు పెద్దవాళ్లు ఠక్కున బిగుసుకుపోవడం చూడటమే తమాషా, కిలకిలా నవ్వుతుంది, అంతవరకే. రెండున్నర, మూడేళ్లకు ఒక క్షణం ఆగుతుంది. అప్పుడు కూడా "ఆగు" కంటే "కూర్చో", "నేలను ముట్టుకో" సులువు, ఎందుకంటే ఆపడానికి బదులు ఇంకో పని దొరుకుతుంది. ఈ చిన్న కిటుకు ఆటలోనే కాదు, సోఫా మీద గెంతుతున్నప్పుడూ పనికొస్తుంది. "గెంతకు" కంటే "కింద పరుపు మీద గెంతు" త్వరగా చెవికెక్కుతుంది.

దాగుడుమూతలూ అంతే. ఈ వయసు పిల్ల అదే తలుపు వెనక పదిసార్లు దాక్కుంటుంది, వెతుకుతున్నప్పుడు "ఇక్కడున్నా" అని అరుస్తుంది. కళ్లు మూసుకుంటే ఎవరికీ కనబడననుకుంటుంది. నియమాలు నేర్పబోతే ఆట చస్తుంది. దానికంటే తమ వంతు వచ్చినప్పుడు పెద్దవాళ్లు కాస్త దూరంగా, కాస్త కిందికి దాక్కుంటే వెతకడానికి పిల్ల గదులన్నీ తిరుగుతుంది, మంచాల కిందికి దూరుతుంది. పెద్ద అట్టపెట్టె రెండు చివర్లూ తెరిచి సొరంగంలా పడుకోబెడితే ఆ దూరడానికి ఇంకో దారి. పిన్నులు, టేపు అంచులు తీసేయడం మరవకూడదు.

ఎన్ని వస్తువులు, ఏ వేళ

అమెరికాలోని టొలీడో యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 36 మంది బుడతలను ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, రకరకాలుగా ఆడారు. ఒళ్లు కదిలే ఆటలకూ దీన్ని అన్వయించుకోవచ్చు. గది నిండా సొరంగం, బంతులు, దిండ్ల గుట్ట, టేపు గీతలు అన్నీ ఒకేసారి పరిస్తే పిల్ల ఒకదాన్నుంచి ఇంకోదానికి గిరాటేసినట్టు తిరుగుతుంది, ఏదీ కుదురుకోదు. ఒకటి, మహా అయితే రెండు. మిగతావి రేపటికి, కంటికి కనబడకుండా. అసలు ముందు రోజు రాత్రి గంటసేపు కత్తిరించి, అతికించి తయారుచేసే ఆటల మీద పెద్ద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. అవి ఫొటోలో బాగుంటాయి.

వేళ కూడా చూసుకోవాలి. అలిసిపోయిన పెద్దవాళ్లు నెమ్మదిస్తారు, అలిసిపోయిన బుడతలు వేగం పెంచుతారు. నిద్రవేళ దాటాక కనిపించే ఉరుకులు పరుగులను "ఇంకా ఓపిక మిగిలింది" అనుకుని మరో ఆట మొదలుపెడితే ఆ రాత్రి పేచీ ఖాయం. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కళ్లు నులుముకోవడం, ఊరికే తూలి పడటం, ప్రతిదానికీ ఏడుపు, ఇవి కనిపిస్తుంటే ఆట కాదు, పడక కావాలి.

ఆడే సమయంలోనూ వరస ఉంటే తేలిక. ముందు ఎక్కడం, దూకడం లాంటి ఉరకలాటలు. తర్వాత తోయడం, మోయడం. చివరికి దుప్పటిలో చుట్టి అటూ ఇటూ దొర్లించడం, దిండుతో వీపు మీద నెమ్మదిగా అదమడం (మొహం ఎప్పుడూ బయటే ఉండాలి). ఉరకలాట నుంచి నేరుగా "ఇక చాలు, రా తిందువు" అంటే గొడవే. దిండ్లను సోఫాలోకి చేర్చడమే చివరి ఆట అయితే, సర్దుడూ అయిపోతుంది, మోత పనీ అయిపోతుంది. నీళ్లాటలు కూడా పిల్లలను బాగా నిలబెడతాయి. కాకపోతే కొద్ది సెంటీమీటర్ల లోతు నీళ్లలోనే చిన్నపిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, చేతికందే దూరంలో కూర్చునే తీరిక ఉన్నప్పుడే తొట్టి తీయాలి. ఆట అవగానే నీళ్లు పారబోయాలి.

"మా వాడు మరీ అతి చురుకు, ఏదైనా సమస్యా?" అన్న ప్రశ్న ఈ వయసు తల్లిదండ్రులను వేధిస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) నిర్ధారణకు ఇచ్చిన మార్గదర్శకాలు మొదలయ్యేదే 4 ఏళ్ల నుంచి. రెండేళ్లవాడు ఒకచోట కూర్చోకపోవడాన్ని బట్టి ఏదీ తేల్చలేరు. డాక్టర్‌కు చూపించాల్సిన సంగతులు వేరు: 18 నెలలు దాటినా సొంతంగా నడవకపోవడం, ఎప్పుడు చూసినా మునివేళ్ల మీదే నడవడం, ఒంటి ఒక వైపునే వాడటం, వచ్చిన పనులు మళ్లీ పోవడం.

ఇక పెద్దవాళ్ల ఓపిక అయిపోయిన వేళ. అప్పటికీ ఒక ఆట మిగిలే ఉంటుంది, లేవనక్కర్లేనిది. నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు పైకి మడిస్తే అదే కొండ, కాళ్లు చాపితే అదే వంతెన. బోర్లా పడుకుని "నన్ను దొర్లించు చూద్దాం" అంటే రెండేళ్ల పిల్ల భుజం పట్టి, నడుము పట్టి, తల ఆనించి నెడుతుంది. మొదటి రెండుసార్లు కదలకుండా ఉండి, మూడోసారికి మెల్లగా దొర్లితే మళ్లీ మళ్లీ అదే కావాలంటుంది. పది నిమిషాలు అలా గడిచిపోతాయి, అది పూర్తిగా తోపుడు పనే. కళ్లజోడు ముందే తీసి పక్కన పెట్టుకోవాలి, ఫోను జేబులో ఉండకూడదు, పొట్ట మీదికి దూకబోతుంటే మోకాళ్లు అడ్డం పెట్టుకోవాలి.